గర్భసంచిలోకి ఒక దీపం

తెలుగులో “గొడ్రాలు” అనే మాట ఉంది. దానికి మగవాళ్ళ వైపు అంత వాడుకలో ఉన్న జత మాట ఎంత వెతికినా నాకు తట్టలేదు. మన భాష ఎవరిని అనుమానిస్తూ వచ్చిందో ఈ ఒక్క ముక్కతోనే తెలిసిపోతుంది. రామాయణమే తీసుకోండి. దశరథుడికి ముగ్గురు రాణులు, ముగ్గురికీ కొడుకులు లేరు (శాంత సంగతి కాసేపు పక్కన పెడదాం). ఈ రోజుల్లో ఏ డాక్టరు ఈ కేసు విన్నా ముందు పరీక్షకి పంపేది మహారాజునే. కానీ పాయసం తాగింది మాత్రం రాణులు!

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుందని ఇప్పుడు అందరికీ తెలిసిన విషయమే. ఆడవాళ్ళ వైపు ఉండే కారణాల్లో ముఖ్యమైనవి మూడు. అండం సరిగా విడుదల కాకపోవడం, ట్యూబులు మూసుకుపోవడం, గర్భసంచిలో ఏదో అడ్డం ఉండడం. ఈ మూడో దాన్ని పొట్ట కోయకుండా లోపలికి గొట్టం పంపి సరిచెయ్యడం ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసం. నేను డాక్టర్ని కాను, ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి. కానీ ఈ చరిత్ర చదువుతూ ఉంటే ఒక విషయం నన్ను వదలకుండా పట్టుకుంది. లోపల ఏముందో చూడడానికి మనుషులు పడ్డ పాట్లు ఒక ఎత్తు. చూశాక, అవసరం లేనిచోట చెయ్యి కట్టుకుని కూర్చోవడానికి పడుతున్న పాట్లు ఇంకో ఎత్తు.

కథ కొవ్వొత్తితో మొదలవుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ బొజ్జిని అనే యువ వైద్యుడు ఉండేవాడు. ఒక రేకు డబ్బా, అందులో మైనపు కొవ్వొత్తి, దాని వెనక అద్దం, ముందు సన్నటి గొట్టం. వెలుగు గొట్టంలోంచి శరీరంలోకి వెళ్ళాలి, లోపలి దృశ్యం వెనక్కి కంటికి చేరాలి. దీనికి ఆయన పెట్టిన పేరుకి అర్థం “వెలుగు దారి” అని. 1806లో దీన్ని వియన్నాలో పరీక్షించారు. అక్కడి వైద్య పెద్దలు పెదవి విరిచారు. శరీరంలోకి అలా తొంగిచూడడం వాళ్ళకి వట్టి కుతూహలంగా కనిపించింది. మూడేళ్ళకే, 1809లో, రోగులకి వైద్యం చేస్తూ టైఫస్ జ్వరం తగిలి బొజ్జిని పోయాడు. అప్పటికి ఆయనకి నిండా ముప్ఫై ఆరేళ్ళు లేవు.

ఆ తరవాత అరవై ఏళ్ళకి గాని గర్భసంచి వంతు రాలేదు. డబ్లిన్‌లో ఫ్రాన్సిస్ క్రూజ్ అనే వైద్యుడు కొవ్వొత్తి బదులు నూనె దీపంతో మెరుగైన గొట్టం ఒకటి చేయించాడు. అలాంటి గొట్టంతోనే 1869లో పాంటలియోని అనే వైద్యుడు, ముట్లుడిగాక కూడా రక్తస్రావం ఆగని ఒక అరవై ఏళ్ళావిడ గర్భసంచిలోకి చూశాడు. లోపల చిన్న కండ పెరిగి ఉంది. దాన్ని సిల్వర్ నైట్రేట్‌తో కాల్చాడు. బతికున్న మనిషి గర్భసంచిలోకి చూసి, చూసినదానికి అక్కడికక్కడే వైద్యం చెయ్యడం చరిత్రలో నమోదైన మేరకు అదే మొదలు. దీన్నే ఇప్పుడు హిస్టెరోస్కోపీ అంటున్నాం.

మరి 1869లోనే దారి దొరికితే ఇంకో వందేళ్ళు ఎందుకు ఆగిపోయింది? చిక్కంతా గర్భసంచి కట్టుబడిలో ఉంది. మనం బొమ్మల్లో చూసేటట్టు అది గాలి నిండిన కుండ కాదు, ఖాళీ చేతిసంచి లాంటిది. ముందు గోడ, వెనక గోడ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఆ గోడలు దళసరి కండరం. తేలిగ్గా సాగవు. గొట్టం తగిలితే రక్తం చిమ్ముతుంది, అద్దం మీద ఒక్క చుక్క పడిందంటే ఇంకేమీ కనిపించదు. కాబట్టి ముందు ఆ సంచీని దేనితోనో ఉబ్బించాలి, రక్తాన్ని కడిగెయ్యాలి, ఆపైన వెలుగు కావాలి. ఈ మూడూ ఒకేసారి కుదరాలి.

ఇది తేలేలోపు జనం పక్కదారులు వెతికారు. న్యూయార్క్‌లో ఇసిడోర్ రూబిన్ అనే డాక్టరు 1920లో ఒక తెలివైన పరీక్ష ప్రకటించాడు. గర్భసంచిలోకి మెల్లగా వాయువు పంపిస్తారు. ట్యూబులు తెరిచి ఉంటే ఆ వాయువు పొట్టలోకి చేరుతుంది. తరవాత ఆవిడ లేచి కూర్చోగానే అది పైకెళ్ళి ఉదరవితానం కింద చేరి, భుజం నొప్పి పుట్టిస్తుంది. భుజం నొప్పి వస్తే ట్యూబులు బాగున్నట్టు! లోపలికి చూడకుండా బయటి లక్షణాన్ని బట్టి లోపలి దారి సంగతి తేల్చడమన్నమాట. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఇదే రూబిన్ 1925లో గర్భసంచిని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి చూడడానికి కూడా ప్రయత్నించాడు.

ఇంకో దారి బొడ్డు దగ్గర్నించి. స్వీడన్‌లో యాకోబేయస్ 1910లోనే మనుషుల పొట్టలోకి గొట్టం పంపి చూశాడు గాని, దాన్ని పిల్లలు లేని ఆడవాళ్ళ కోసం తీర్చిదిద్దింది మాత్రం పారిస్‌లో రౌల్ పామర్. అది 1943, నగరం జర్మన్ల ఆక్రమణలో ఉంది. బల్లని వాల్చి ఆవిడ తల కిందికి ఉండేలా పడుకోబెడితే పేగులు పైకి జారి, కటి భాగంలో చోటు ఏర్పడుతుంది. అప్పుడు గర్భసంచీ, ట్యూబులూ, అండాశయాలూ అన్నీ కంటికి కనిపిస్తాయి. పొట్టలో వాయువు ఒత్తిడి ఎంతుందో కొలుస్తూ ఉండాలని పట్టుబట్టింది కూడా పామరే. అంతకు ముందు ఈ పాటి చూడడానికి పొట్ట కోయాల్సి వచ్చేది.

వెలుగు సమస్య తీర్చినవాళ్ళలో మనవాడొకడు ఉన్నాడు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో తన గురువు హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్టలోంచి బొమ్మని పంపించవచ్చని 1954లో ‘నేచర్’ పత్రికలో చూపించాడు. అప్పటిదాకా గొట్టం కొసన బుల్లి బల్బు ఉండేది, వేడెక్కి లోపల కాల్చేది. గాజు పోగుల పుణ్యమా అని దీపం బయటే ఉండిపోయి, వెలుగు మాత్రమే లోపలికి వెళ్ళింది. మన ఇంటర్నెట్‌ని మోస్తున్న కేబుళ్ళకీ, ఈ గొట్టాలకీ బంధుత్వం ఇక్కడుంది. ఆ తరవాత హాప్కిన్స్ ఇంకో చిట్కా కనిపెట్టాడు. గొట్టంలో పొడుగునా గాలి, మధ్యమధ్యలో చిన్న కటకాలు ఉండే పాత పద్ధతిని తిరగేసి, పొడుగునా గాజు కడ్డీలు, మధ్యలో చిన్న గాలి సందులు పెట్టాడు. బొమ్మ ఎన్నోరెట్లు ప్రకాశవంతమైంది. దాన్ని 1960లలో జర్మనీలో కార్ల్ స్టోర్జ్ తయారీలోకి తెచ్చాడు. ఇంత స్పష్టంగా కనిపిస్తేనే గాని లోపల కత్తెర పెట్టే ధైర్యం ఎవరికైనా వస్తుందా?

ఇంగ్లండులో ఓల్డ్‌హామ్ అనే మిల్లుల ఊళ్ళో పాట్రిక్ స్టెప్టో అనే డాక్టరు పామర్ దగ్గర ఈ విద్య చూసి నేర్చుకుని, 1967లో దాని మీద పుస్తకం రాశాడు. శరీరం బయట అండాన్ని ఫలదీకరించాలని తంటాలు పడుతున్న రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కి అండాలు తీసిచ్చే మనిషి కావాలి. ఇద్దరూ 1968లో కలిశారు. వాళ్ళతో జీన్ పర్డీ చేరింది. ట్యూబులు మూసుకుపోయిన లెస్లీ బ్రౌన్ నుంచి స్టెప్టో ఇదే గొట్టంతో ఒక్క అండం తీశాడు. 1978 జూలై 25న లూయిస్ బ్రౌన్ పుట్టింది. తరవాతి కథ మీకు తెలిసిందే. ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ వచ్చేసరికి స్టెప్టో, పర్డీ ఇద్దరూ లేరు.

ఇక్కడొక తమాషా జరిగింది. టెస్ట్ ట్యూబ్ పద్ధతి పుట్టడానికి లాప్రోస్కోపీ కావాల్సి వచ్చింది గాని, పదేళ్ళు తిరిగేసరికి ఆ పనికి దాని అవసరం తగ్గిపోయింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి సూదితో అండాలు తియ్యడం వచ్చేసింది. ట్యూబులు పాడైనా దాటిపోయే దారి దొరికింది. దాటలేనిది మాత్రం ఒకటి మిగిలింది. పిండం ఎక్కడ తయారైనా చివరికి చేరాల్సింది గర్భసంచికే. అందుకని అందరి చూపూ మళ్ళీ ఆ సంచీ మీదికి తిరిగింది.

ఈలోగా జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ ఉన్నాడు. డాక్టరు కాకముందు ఆయన పనిముట్లు చేసే పని నేర్చుకున్నవాడు. పొట్టలోకి వాయువు పంపే యంత్రాలు, లోపలే ముడివేసే ఉచ్చులు, శిక్షణకి నకిలీ పొట్టలు, ఇలా ఎన్నో తయారుచేశాడు. గొట్టంతో చూడడమే కాదు, ఆపరేషన్లూ చెయ్యొచ్చు అంటుంటే తోటి డాక్టర్లు ఆయనకి మెదడు స్కాన్ తీయించుకోమన్నారట! ఒక సభలో ఆయన స్లైడ్లు చూపిస్తుంటే, ఇలాంటి అనైతికమైన పని ఇక్కడ చూపకూడదంటూ ప్రొజెక్టరు వైరు పీకేశారట. 1980లో అపెండిక్స్‌ని కూడా అలాగే తీసేసరికి సర్జన్లు మండిపడ్డారు. ఇప్పుడు పొట్ట పెద్దగా కోసి అపెండిక్స్ తీస్తానంటే ముందు ఎందుకని అడుగుతాం. కాలం ఎంత తిరగబడిందో చూడండి.

ఇక గర్భసంచిని ఉబ్బించే సంగతి. స్వీడన్‌లో ఎడ్‌స్ట్రోమ్, ఫెర్న్‌స్ట్రోమ్ 1970లో డెక్స్‌ట్రాన్ అనే తేనెలాంటి చిక్కటి ద్రవం వాడారు. అది రక్తంతో కలిసిపోదు గనక దృశ్యం తేటగా ఉంటుంది. హాంబర్గ్‌లో లిండెమన్ కార్బన్ డయాక్సైడ్‌నే అదుపులో పెట్టి వాడాడు. ఆ అదుపు చాలా ముఖ్యం. పొట్టని ఉబ్బించే యంత్రం వేగంతో గర్భసంచిలోకి వాయువు పంపితే అది రక్తనాళాల్లోకి దూరి గుండెని ఆపేస్తుంది. తరవాత పల్చటి ద్రవాలు వచ్చాయి. వాటితో ఇంకో ప్రమాదం ఉంది. విప్పుకున్న రక్తనాళాల గుండా ద్రవం ఒంట్లోకి ఇంకిపోతుంది. ఉప్పు లేని ద్రవమైతే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. అందుకే ఆపరేషన్ థియేటర్లో ఒకరు కూర్చుని ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అని కిరాణా కొట్టు పద్దులా లెక్క రాస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికైనా ఉప్పు లేని ద్రవం ఒక లీటరు తేడా వస్తే, సెలైన్ అయితే రెండున్నర లీటర్లు తేడా వస్తే ఆపెయ్యాలని నియమం. సెలైన్‌లో పనిచేసే విద్యుత్ పరికరాలు వచ్చాక ఈ భయం చాలా తగ్గింది.

చూపు, చోటు కుదిరాక పని మొదలైంది. న్యూయార్క్‌లో రాబర్ట్ న్యూవిర్త్ 1970లలో, మగవాళ్ళ ప్రోస్టేట్ గ్రంథిని చెక్కే తీగ ఉచ్చు పరికరాన్ని తెచ్చి, గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ గడ్డలని చెక్కాడు. పాలిప్స్ తియ్యడం అంతకన్నా తేలిక. కొందరికి పుట్టుకతోనే గర్భసంచి మధ్య ఒక అడ్డగోడ ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు రెండు గొట్టాలు కలిసి ఒక సంచీగా మారతాయి. మధ్య గోడ కరిగిపోకుండా మిగిలితే ఇలా అవుతుంది. పాత రోజుల్లో దీనికి పొట్ట కోసి, గర్భసంచిని చీల్చి, గోడ తీసేసి మళ్ళీ కుట్టేవారు. వారాల తరబడి మంచం, ఆ తరవాత కడుపు పండితే కాన్పుకి మళ్ళీ కోత. గొట్టంతో అయితే ఆ గోడని కత్తెరతో కత్తిరించి సాయంత్రానికి ఇంటికి పంపెయ్యొచ్చు.

నాలుగోది అతుకులు. దీని కథ వేరు. 1948లో జోసెఫ్ ఆషర్‌మన్ అనే ఇజ్రాయెల్ వైద్యుడు ముట్లు ఆగిపోయిన 29 మంది స్త్రీల గురించి రాశాడు. కాన్పు తరవాతో, గర్భం పోయిన తరవాతో వాళ్ళ గర్భసంచిని గోకి శుభ్రం చేశారు. ఆ గోకుడుకి లోపలి పొర పోయి గోడలు అతుక్కుపోయాయి. మన ఊళ్ళల్లో “డీ అండ్ సీ” అని అందరూ అనేది ఈ గోకుడే. అంటే వైద్యమే జబ్బు తెచ్చిందన్నమాట, అదీ లోపల ఏముందో కనిపించకుండా చేసిన వైద్యం. మన దేశంలో క్షయ గర్భసంచికి సోకి ఇలాంటి అతుకులే తెస్తుంది. అప్పటికే దగ్గూ జ్వరం ఏవీ ఉండవు కాబట్టి చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈ అతుకులని చూస్తూ, ఒక్కొక్కటీ విడదీయడం హిస్టెరోస్కోపీ చేసిన గొప్ప మేళ్ళలో ఒకటి. అయినా మళ్ళీ అతుక్కునే భయం ఉండనే ఉంటుంది.

1990లలో ఇటలీలోని బారి నగరంలో స్టెఫానో బెట్టోచ్చి గొట్టాన్ని ఇంకా సన్నం చేసి, మత్తు లేకుండా, పట్టి లాగే పనిముట్లు కూడా లేకుండా, మామూలు కన్సల్టేషన్ గదిలోనే చూడడమూ చిన్న చిన్నవి సరిచెయ్యడమూ అలవాటు చేశాడు. కొవ్వొత్తి డబ్బా నుంచి ఇక్కడికి దాదాపు రెండు వందల ఏళ్ళు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి విజయగాథ. కానీ అసలు విషయం ఇప్పుడే మొదలవుతుంది. పొట్ట కోయాల్సిన రోజుల్లో డాక్టరు పదిసార్లు ఆలోచించేవాడు. అరగంటలో అయిపోయే పనికి అంత ఆలోచన ఎందుకు? కనిపించింది, తీసేద్దాం. తీసేశాక పిల్లలు పుడితే ఆ గొప్ప ఆపరేషన్‌ది. తియ్యకపోయినా పుట్టేవారేమో అన్న ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ.

అడిగినప్పుడు వచ్చిన జవాబులు చూడండి. స్పెయిన్‌లో 2005లో అచ్చయిన ఒక పరీక్షలో పాలిప్స్ ఉన్నవాళ్ళని లాటరీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పాలిప్ తీసేశారు, రెండో జట్టుకి తియ్యకుండా ముక్క మాత్రం తీసి పరీక్షించారు. తరవాత ఇద్దరికీ ఒకే చికిత్స. తీసినవాళ్ళలో 63 శాతం, తియ్యనివాళ్ళలో 28 శాతం గర్భం దాల్చారు. అంటే ఇక్కడ గొట్టం గెలిచింది. మరి టెస్ట్ ట్యూబ్ చికిత్సకి ముందు ఏ అనుమానమూ లేకపోయినా అందరికీ ఒకసారి హిస్టెరోస్కోపీ చేసేస్తే? 2016లో రెండు పెద్ద పరీక్షలు వచ్చాయి. మొదటిసారి చికిత్సకి వెళ్ళే 750 మంది మీద నెదర్లాండ్స్‌లో చేసిన దాంట్లో బిడ్డ పుట్టినవాళ్ళు 57 శాతం, చెయ్యనివాళ్ళలో 54 శాతం. లెక్క ప్రకారం అది తేడా కిందికి రాదు. అంతకు ముందే చికిత్స విఫలమైన 702 మంది మీద చేసిన రెండోదాంట్లో రెండు వైపులా 29 శాతమే!

ఇక ఆ అడ్డగోడ. దశాబ్దాలుగా దాన్ని కత్తిరిస్తూనే ఉన్నారు. కత్తిరిస్తే మేలా, వదిలేస్తే మేలా అని లాటరీ వేసి పోల్చిన పరీక్ష ఫలితం 2021లో గాని రాలేదు. పిల్లలు కలగకో, గర్భం నిలవకో, నెలలు నిండకుండా కాన్పయ్యో ఇబ్బంది పడిన 80 మందిని కూడగట్టడానికి నాలుగు దేశాల్లో దాదాపు ఎనిమిదేళ్ళు పట్టింది. కత్తిరించుకున్న 39 మందిలో 12 మందికి బిడ్డ పుట్టింది. ఊరికే ఆగిన 40 మందిలో 14 మందికి పుట్టింది. కత్తిరించినవాళ్ళలో ఒకరికి గర్భసంచికి చిల్లు పడింది. చిన్న పరీక్షే, దీంతోనే తీర్పు చెప్పేయకూడదనే డాక్టర్లు ఉన్నారు, వాళ్ళ వాదనలోనూ బలం ఉంది. పైగా ఎంత లోతు ఉంటే దాన్ని అడ్డగోడ అనాలో యూరప్ సంఘానికీ అమెరికా సంఘానికీ లెక్కలు వేరు. అదే గర్భసంచి ఒక లెక్కలో జబ్బు, ఇంకో లెక్కలో మామూలు. నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది మాత్రం ఇది. చెయ్యడం తేలికైనకొద్దీ, చెయ్యాలా అని అడగడం మానేస్తాం.

ఈ మాట మన వైపు చూస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. పామర్ పిల్లలు లేనివాళ్ళ కోసం తీర్చిదిద్దిన గొట్టమే మన పల్లెలకి ఎక్కువగా చేరింది కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలు, రోజుకి పదుల మంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజున 34 మందికి ఇలా చేస్తే, నలుగురు తల్లులు తరవాతి రోజుల్లో చనిపోయారు. ఇంకో లెక్క చూడండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. పట్నంలో ఒకావిడ గర్భసంచిలో మిల్లీమీటర్ల గోడ కోసం లక్షలు పోస్తుంటే, ఊళ్ళో ఇంకొకావిడ తెల్లబట్టకో నడుం నొప్పికో మొత్తం సంచీనే పోగొట్టుకుంటోంది. పైకి ఎదురెదురుగా కనిపించినా రెంటికీ మూలం ఒకటే. ఆవిడకి ఏం జరుగుతోందో, ఎందుకో, చెయ్యకపోతే ఏమవుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

దేశం బయట ఉన్న మనవాళ్ళ సంగతి ఇంకో రకం. ఇక్కడ అమెరికాలో చాలా ఇన్సూరెన్సులు ఈ ఖర్చులు భరించవు. నాలుగు వారాల సెలవు పెట్టి ఇండియా వెళ్ళి, అన్నీ ఆ నెలలోనే తేల్చుకురావాలనుకుంటారు. తిరుగు టిక్కెట్టు తరుముతూ ఉంటే “చూసేటప్పుడే ఉన్నదేదో తీసేద్దాం” అన్న మాటకి తల ఊపెయ్యడం సులువు. సంతకం పెట్టేది ఆవిడ. చుట్టూ నిలబడి చూసేది అత్తగారు, అమ్మ, భర్త.

అందుకని తల ఊపే ముందు అడగాల్సినవి నాలుగు. భర్తకి పరీక్షలు పూర్తయ్యాయా? లోపల కనిపించినది ఏమిటి, ఎంత ఉంది, ఏ లెక్క ప్రకారం దాన్ని జబ్బు అంటున్నారు? నా లాంటి వాళ్ళలో దాన్ని తీసినవాళ్ళనీ తియ్యనివాళ్ళనీ పోల్చి చూశారా? ఆరు నెలలు ఆగితే నష్టమేమిటి? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకి విసుక్కోడు. పాలిప్ అయితే, అతుకులైతే, గట్టి జవాబే వస్తుంది, నిశ్చింతగా చేయించుకోవచ్చు. కొన్నిటికి “తెలియదు” అనే జవాబు వస్తుంది. దానికీ విలువుంది. ఇంతకాలం లోపలేముందో తెలియకుండానే ఆడవాళ్ళకి పేర్లు పెట్టాం. ఇప్పుడు చూడగలుగుతున్నాం కదా, ఇక చూసినదాని గురించి ఆవిడతో నిజం మాట్లాడడం నేర్చుకోవాలి.